పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన గూఢచారి

ప్రశ్న: మార్వెల్ కామిక్స్‌లో ప్రతినాయకుడైన మెంటాలో ఒకప్పుడు నిక్ ఫ్యూరీ సంస్థలోనే పనిచేశాడని చదివాను. అతను ఏ కథలో, ఏ విధంగా ఆ సంస్థకు ఎదురు తిరిగాడో వివరించగలరా?

జవాబు: మీరు చదివింది నిజమే. రెండో ప్రపంచ యుద్ధపు సార్జెంటుగా పాఠకులకు అప్పటికే పరిచయమైన నిక్ ఫ్యూరీని, 1965 ఆగస్టు నాటి 'స్ట్రేంజ్ టేల్స్' 135వ సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి షీల్డ్ అనే అంతర్జాతీయ గూఢచార సంస్థకు అధిపతిని చేశారు. షీల్డ్‌కు బద్ధశత్రువైన హైడ్రా కూడా ఆ సంచికలోనే పుట్టింది. మరో ఆరు నెలలకు, 1966 ఫిబ్రవరి నాటి 141వ సంచికలో, మెంటాలో ప్రవేశించాడు. అతని అసలు పేరు మార్విన్ ఫ్లమ్. ఎదుటివారి మనసులోని ఆలోచనలను గ్రహించగల శక్తి ఉన్నవాడు కావడంతో, అటువంటి అతీంద్రియ శక్తులు గలవారి కోసం షీల్డ్ నడుపుతున్న ప్రత్యేక విభాగంలో చోటు సంపాదించాడు. కొలువులో ఉంటూనే ఆ సంస్థను తన గుప్పిట్లోకి తెచ్చుకోవాలని పథకం వేశాడు. అదే విభాగంలోని తోటి ఉద్యోగులు అతని మనసును చదివి కుట్రను పసిగట్టడంతో తప్పించుకుని పారిపోయాడు.

అక్కడితో ఆగిపోతే అతణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కారు. పారిపోయినవాడు ఫిక్సర్ అనే యంత్రనిపుణుడైన నేరగాడితో చేతులు కలిపి, తాను విడిచి వచ్చిన షీల్డ్ కార్యాలయం మీదికే దండెత్తాడు. ఇద్దరూ కలిసి ఫ్యూరీని బంధించి, అతని బుద్ధిని తమ ఆజ్ఞకు లోబరచుకునే పరికరాన్ని తగిలించారు. ఫ్యూరీ సహచరులు అతణ్ణి విడిపించడంతో 143వ సంచికలో ఈ కథ ముగుస్తుంది. ఆ రోజుల్లో 'స్ట్రేంజ్ టేల్స్'లో సగభాగం డాక్టర్ స్ట్రేంజ్ కథకు పోయేది కాబట్టి, ఇదంతా మిగిలిన సగభాగంలో మూడు విడతలుగా నడిచింది. ఆ కొద్ది చోటులోనే ఇద్దరు ప్రతినాయకులు ఒకరికొకరు ఎందుకు అవసరమయ్యారో స్పష్టంగా తెలియడం నాకు ఎంతో నచ్చుతుంది. ఫిక్సర్ ఎన్ని యంత్రాలు తయారు చేసినా అతను ఎప్పటికీ బయటివాడు. మెంటాలో ఆ ఇంట్లో ఉండి వచ్చినవాడు.

ప్రశ్న: మనసులు చదివేవాళ్లు ఉన్న సంస్థ కాబట్టి ద్రోహిని ముందే పట్టుకోగలిగింది. నిజమైన గూఢచార సంస్థల్లో ఇలాంటివాళ్లు ఎంతకాలం దొరక్కుండా ఉండగలరు?

జవాబు: ఏళ్ల తరబడి ఉండగలరు, ఉన్నారు కూడా. మెంటాలో కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

బ్రిటిష్ గూఢచార సంస్థలో పనిచేస్తూ సోవియట్ యూనియన్‌కు రహస్యాలు చేరవేసిన కిమ్ ఫిల్బీకి, 1944లో సోవియట్ గూఢచర్యాన్ని ఎదుర్కొనే విభాగానికే అధిపతి పదవి దక్కింది. అతను 1963 జనవరిలో బేరూత్ నుంచి మాస్కోకు పారిపోయాడు. మెంటాలో కథ అచ్చయ్యేనాటికి ఆ సంఘటన జరిగి కేవలం మూడేళ్లయింది. ఆ వార్తను దృష్టిలో పెట్టుకునే ఈ పాత్రను సృష్టించారని నేను అనను కానీ, లోపలివాడే ద్రోహి అయితే ఎలా ఉంటుందన్న భయం ఆనాటి పాఠకులకు కొత్త కాదని మాత్రం చెప్పవచ్చు.

అమెరికా ఎఫ్.బి.ఐ. అధికారి రాబర్ట్ హాన్సెన్ వ్యవహారం మరీ విడ్డూరమైనది. 1979లో సోవియట్ సైనిక గూఢచార విభాగానికి సమాచారం అమ్మడం మొదలుపెట్టి, మధ్యలో కొన్ని విరామాలతో 2001 ఫిబ్రవరిలో పట్టుబడేదాకా సాగించిన ఇతనికి, సంస్థలోకి శత్రువులు ఎక్కడెక్కడ చొరబడ్డారో పరిశీలించే పనిని కూడా ఒక దశలో అప్పగించారు. అంటే అతను వెతకవలసినవాళ్లలో అతనే ఉన్నాడు. ఇక సి.ఐ.ఏ.లో సోవియట్ వ్యవహారాలు చూసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో డబ్బు కోసం అమ్ముడుపోయాడు. 1986లో ఒకసారి, 1991లో మరోసారి అతనికి అబద్ధాలను పట్టే యంత్రంతో పరీక్ష జరిపారు. రెండుసార్లూ గట్టెక్కాడు. 1994 ఫిబ్రవరిలో అరెస్టయ్యేనాటికి, అతను పేర్లు బయటపెట్టడం వల్ల సోవియట్ యూనియన్‌లో అమెరికాకు పనిచేస్తున్న పలువురు మరణశిక్షకు గురయ్యారు.

ఈ వివరాలు తెలిసిన తరువాత షీల్డ్ కథను మళ్లీ చదివితే, తోటి ఉద్యోగులు మెంటాలో మనసు చదివి కుట్రను బయటపెట్టిన సంగతి ఒక తీరని కోరికలా కనిపిస్తుంది. ఏ సంస్థకూ లేని సాధనాన్ని రచయితలు షీల్డ్ చేతికి ఇచ్చారు. అయినా ప్రమాదం తప్పలేదు. ద్రోహిని కనిపెట్టినంత మాత్రాన అతనికి తెలిసినదాన్ని అతని బుర్రలోంచి తీసివేయడం సాధ్యం కాదు కదా. ఏమ్స్ అమ్మిన వాటిలో అత్యంత ప్రాణాంతకమైనవి మనుషుల పేర్లు. వెళ్లిపోయిన గూఢచారి వెంట తీసుకుపోయేది కూడా ముఖ్యంగా అటువంటి ఎరుకే: ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు ఎవరిని నమ్ముతారు, ఎవరికి ఏది బలహీనత అన్నవి.

మెంటాలో పాత్ర తరువాతి కథల్లో పలచబడిపోవడానికి కారణం ఈ ఎరుకను వాడుకోకపోవడమేనని నా అభిప్రాయం. ఉదాహరణకు 1977లో 'మార్వెల్ టూ ఇన్ వన్' 26, 27 సంచికల్లో అతను ఫిక్సర్‌తో కలిసి, డెత్‌లాక్ అనే సగం మనిషి సగం యంత్రమైన సైనికుణ్ణి ఉపయోగించి అమెరికా అధ్యక్షుణ్ణి హత్య చేయించబోతాడు. కథ ఉత్కంఠగానే ఉంటుంది. అయితే ఆ పన్నాగానికి మనసులు లోబరచుకోగల ఏ ప్రతినాయకుడైనా సరిపోతాడు. అతను షీల్డ్‌లో గడిపిన కాలం అక్కడ ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: మెంటాలో ద్రోహం చేయడానికి అధికార కాంక్ష తప్ప వేరే కారణమే చెప్పలేదు. సంస్థ వైపు నుంచి కూడా తప్పు ఉండవచ్చని ఆ రచయితలకు ఎందుకు తోచలేదు?

జవాబు: తోచినా రాయడానికి వీలుండేది కాదు. 1954లో అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న నియమావళి ప్రకారం నేరస్థుడి మీద సానుభూతి కలిగేలా కథ నడపకూడదు, పోలీసులను, న్యాయమూర్తులను, ప్రభుత్వాధికారులను, గౌరవనీయమైన సంస్థలను చులకన చేయకూడదు, చివరికి మంచే గెలవాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య, సంస్థ చేసిన అన్యాయం వల్ల మనసు విరిగి శత్రువైన గూఢచారిని 1966లో చిత్రించడం దాదాపు అసాధ్యం. అందుకే మెంటాలో దురాశాపరుడిగానే మిగిలాడు.

1971లో ఆ నియమావళిని సవరించి, అధికారుల అవినీతిని కొన్ని షరతులతో చూపించడానికి అనుమతించారు. ఆ తరువాత 1974లో 'కెప్టెన్ అమెరికా'లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రాసిన సీక్రెట్ ఎంపైర్ కథలో కుట్రదారుల నాయకుడు ఏకంగా వైట్‌హౌస్‌లోనే బయటపడతాడు. ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో జరిగిన చొరబాటును కప్పిపుచ్చిన వాటర్‌గేట్ వ్యవహారంలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసింది అదే ఏడాది ఆగస్టులో. 1988లో బాబ్ హారస్ రచన, పాల్ నియరీ బొమ్మలతో ఆరు సంచికలుగా వచ్చిన 'నిక్ ఫ్యూరీ వర్సెస్ షీల్డ్' మరో అడుగు ముందుకు వేసింది. అందులో సంస్థే లోపలినుంచి చెడిపోతుంది, ఫ్యూరీ దాని నుంచి పారిపోవలసి వస్తుంది. ఇరవై రెండేళ్ల కింద మెంటాలో ఉన్న స్థానంలో ఇప్పుడు నాయకుడే ఉన్నాడు. వీటిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఈ ఆరు సంచికలే చదవమంటాను.

ప్రశ్న: నేను సొంతంగా ఒక కామిక్ గీస్తున్నాను. అందులో నాయకుడి స్నేహితుడైన గూఢచారి సగం కథలో ద్రోహిగా మారతాడు. చదివినవాళ్లు అకస్మాత్తుగా మారిపోయాడని అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అతని చేత ఒక పేజీ నిండా కారణాలు చెప్పించాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. దయచేసి ఆ పని చేయవద్దు. లోపం మాటల్లో కంటే ముందు పేజీల్లోని బొమ్మల్లో ఉండే అవకాశం ఎక్కువ. కామిక్ చదివేవారు అనుమానం వచ్చిన వెంటనే వేళ్లతో పేజీలు వెనక్కి తిప్పుతారు. తిప్పినప్పుడు వారికి ఏదో ఒకటి దొరకాలి. అందరూ పటం వైపు చూస్తున్న గడిలో అతనొక్కడూ తాళాలగుత్తి ఉన్న కాపలాదారు నడుము వైపు చూస్తున్నట్టు ముందే గీసి ఉంచితే, ఒక్క మాట అవసరం లేకుండా పని జరుగుతుంది. ఆ బొమ్మను పెద్దది చేయకండి, విడిగా చూపించకండి. మొదటిసారి చదివేటప్పుడు అది కళ్లు దాటిపోవాలి.

అతను శత్రువుగా తిరిగివచ్చే దృశ్యానికి మరింత శ్రద్ధ అవసరం. పేలుళ్లతో గోడలు కూలగొట్టుకుంటూ వచ్చేవాడు ఎవరైనా కావచ్చు. మీ ద్రోహి మాత్రం మామూలు ద్వారం నుంచే రావాలి, ఎందుకంటే కాపలా మారే వేళ అతనికి తెలుసు. అతణ్ణి చూడగానే కాపలాదారు చెయ్యి అలవాటు కొద్దీ వందనానికి లేస్తుంది. ఆ చెయ్యి నుదుటిదాకా వెళ్లకముందే ముఖంలో భయం కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఒకే గడిలో ఇరికించకుండా రెండు గడులుగా విడదీయండి, మొదటి గడిలో మాటల బుడగ పెట్టకండి. కాపలాదారుకు ఒక పేరు ఉండాలి, ఆ పేరు పెట్టి పిలిచేది ద్రోహే కావాలి. కారణం ఎంత చిన్నదైనా ఫరవాలేదు, ఆ చిన్న కారణానికి అతను ఎవరిని బలిపెట్టాడో పాఠకుడికి ముఖంతో సహా తెలియాలి. కథ మొత్తం తిరిగి రాయాల్సిన పని లేదు. మొదటి భాగంలో మూడు నాలుగు గడులు, తిరిగివచ్చే దృశ్యంలో ఒక పేజీ మార్చి, ఇంతవరకు ఈ కథ చదవని వ్యక్తికి ఇచ్చి చూడండి.

ప్రశ్న: మెంటాలో తొలి కథ ఇప్పుడు పుస్తకంగా దొరుకుతుందా?

జవాబు: 'మార్వెల్ మాస్టర్‌వర్క్స్' వరుసలో నిక్ ఫ్యూరీ మొదటి సంపుటం చూడండి. 'స్ట్రేంజ్ టేల్స్' 135వ సంచిక నుంచి 153వ సంచిక దాకా వచ్చిన ఫ్యూరీ కథలన్నీ అందులో రంగుల్లో ఉన్నాయి. 141 నుంచి 143 వరకు ఉన్న మూడు భాగాలనూ విడదీయకుండా ఒకేసారి చదవండి.