ఆస్ట్రోసైట్, ఆస్టరాయిడ్: రెండు పేర్లలోనూ ఉన్నది నక్షత్రమేనా?

అవును, మెదడులోని ఆస్ట్రోసైట్ కణానికీ, ఆకాశంలోని ఆస్టరాయిడ్‌కీ పేరు ఒకే గ్రీకు మాట నుంచి వచ్చింది: ‘ఆస్టర్’, అంటే నక్షత్రం. కారణాలే వేరు. ఆస్ట్రోసైట్ నలువైపులా కొమ్మల్లాంటి పోగులు చాచి, మైక్రోస్కోప్‌లో బొమ్మల్లో గీసే నక్షత్రంలా కనిపిస్తుంది. ‘సైట్’ అంటే కణం. ఆస్టరాయిడ్ మాత్రం సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న శిల. 1802లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఈ పేరు సూచించారు. టెలిస్కోపులో గ్రహాలు గుండ్రని బిళ్లల్లా కనిపిస్తే, ఇవి నక్షత్రాల్లాగే ఒట్టి వెలుగు చుక్కలుగా కనిపించాయి. ‘ఆయిడ్’ అంటే ‘లాంటిది’. అందుకే, పేరు చూసి ఇవి నక్షత్రాల ముక్కలనుకోవడం పొరపాటు.

శబ్దం దగ్గరగా ఉంది కదా అని స్టెరాయిడ్, ఆస్తమాలను కూడా ఇందులో కలిపేస్తుంటారు. స్టెరాయిడ్‌కి మూలం ‘గట్టిగా, ఘనరూపంలో ఉన్న’ అనే అర్థమున్న గ్రీకు మాట ‘స్టెరియోస్’. ఆస్తమా అంటే గ్రీకులో రొప్పడం.