రెండు ఆసుపత్రుల రెసిస్టెన్స్ శాతాలు పక్కపక్కన పెట్టి చూడొచ్చా?

మీ ఆసుపత్రిలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకి మెరోపెనెం అనే యాంటీబయాటిక్ మీద రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) ఎక్కువ, పక్క జిల్లాలో తక్కువ కాబట్టి అక్కడ పరిస్థితి మెరుగని అనుకోవచ్చా అని అడిగారు. శాతం ఒక్కటే చూసి ఆ మాట అనలేం. నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, మా యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియా ఏ మందుకి ఎంత శాతం లొంగుతుందో చూపే పట్టిక) ఏటా నేనే తయారుచేస్తాను. ఎవరు ఏ శాతం చూపించినా ముందు అడిగేది, అది ఎవరి శాంపిళ్లలోంచి వచ్చిందని.

చాలాచోట్ల రెండు మూడు మందులు వాడి, జ్వరం తగ్గకపోతేనే కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష) పంపుతారు. మామూలు మందుకి లొంగే బ్యాక్టీరియా అప్పటికే పోయి ఉంటుంది, ప్లేటు మీద పెరిగేది మొండిది. మూత్రంలో మంట అన్న ప్రతివాళ్లకీ కల్చర్ చేసే చోట శాతం సహజంగానే తక్కువ వస్తుంది. యూరప్‌లో రెసిస్టెన్స్ మీద నిఘా పెట్టే ఈఆర్స్-నెట్ రక్తం, వెన్ను ద్రవం శాంపిళ్లనే లెక్కలోకి తీసుకునేది ఈ తేడా తగ్గించడానికే.

తర్వాత రిపీట్లు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న ఒకే మనిషి రక్తంలో, మూత్రంలో, ట్యూబ్ స్రావంలో వారం వారం అదే క్లెబ్సియెల్లా వస్తూ ఉంటుంది. అన్నీ కలిపేస్తే ఆయనొక్కడే వార్డు మొత్తం అయిపోతాడు. అందుకే ల్యాబ్ పరీక్షలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ నియమం ప్రకారం ఒక్కో పేషెంటుకి ఆ ఏడాదిలో వచ్చిన మొదటి ఐసొలేట్‌నే (శాంపిల్‌లోంచి వేరుచేసిన బ్యాక్టీరియా) లెక్కపెట్టాలి, కనీసం 30 ఉంటేనే శాతం వేయాలి. ల్యాబ్ ఫలితాలు లెక్కగట్టే వూనెట్ (WHONET) సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ వడపోత అదే చేసిపెడుతుంది. మా దగ్గర రిపీట్లు తీసేస్తే ఐసీయూ అంకె బాగా దిగుతుంది, ఓపీది పెద్దగా కదలదు.

పాత ఏళ్లతో పోల్చేటప్పుడు అసలు చిక్కు బ్రేక్‌పాయింట్లది, అంటే బ్యాక్టీరియా మందుకి లొంగుతుందా లేదా అని తేల్చే హద్దు అంకెలది. నల్లటి ఉపరితలం మీద ప్లేటు బోర్లించి, మందు అద్దిన డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్‌ని వెనుకనుంచి కొలుస్తాం. మెరోపెనెంకి 18 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 2010లో సీఎల్ఎస్ఐ మార్చకముందు 16 లేదా అంతకు ఎక్కువైతే సెన్సిటివ్ (మందుకి లొంగుతుంది). ఇప్పుడు కనీసం 23 ఉండాలి, 19 లేదా అంతకు తక్కువైతే రెసిస్టెంట్. అదే ప్లేటు, అదే జోన్, రిపోర్టు మాత్రం తలకిందులు! గ్రాఫ్‌లో ఇది ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించి అందరికీ టెన్షన్ పెడుతుంది. అందుకే రిజిస్టర్‌లో ఎస్ (సెన్సిటివ్), ఆర్ (రెసిస్టెంట్) అక్షరాలే కాకుండా మిల్లీమీటర్లు కూడా రాయాలని నేను పట్టుబడతాను. అవి ఉంటే పాత డేటాని కొత్త గీటురాయితో మళ్లీ చదవొచ్చు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కి ఆ అవకాశం లేదు, దానికి డిస్క్ పరీక్ష నమ్మదగ్గది కాదు. పాత డిస్క్ ఫలితాలు పక్కన పెట్టాల్సిందే.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2013లో మొదలుపెట్టిన రెసిస్టెన్స్ నిఘా నెట్‌వర్క్ ఏటా రిపోర్టు ఇస్తోంది. అందులో ఎక్కువగా పెద్దాసుపత్రులే. ఎక్కడెక్కడో తిరిగి, మందులన్నీ వాడి, చివరికి అక్కడికి చేరిన పేషెంట్ల డేటా అది. ఏళ్ల వారీ పోకడ చూడటానికి చాలా విలువైనది, కానీ ఆ శాతాన్ని తెచ్చి మీ ఊరి పీహెచ్‌సీకి అంటించకండి.

పక్క జిల్లా ల్యాబ్‌ని రక్తం కల్చర్ల ఫైలు మిల్లీమీటర్లతో సహా అడగండి. మీదీ వాళ్లదీ రిపీట్లు తీసేసి, ఐసీయూ వేరు, వార్డులు వేరు చేసి, ఒకే ఏడాది బ్రేక్‌పాయింట్లతో చదవండి. ఆ తర్వాత కూడా తేడా మిగిలితే అది నిజమైన తేడాయే అయ్యుండొచ్చు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ముందు పెట్టండి.