మా అమ్మాయి రాత్రంతా కంప్యూటర్లో మ్యూజిక్ రాస్తోంది, దీనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. చిన్నప్పట్నుంచి కీబోర్డ్ నేర్చుకుంది. రెండేళ్లుగా ఇంట్లో కంప్యూటర్లో మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఏవో నోట్స్ రాస్తుంది, వింటుంది, ప్రింట్లు తీస్తుంది. చదువు వెనకపడుతుందేమోనని మా భయం. ఇప్పుడేమో కంపోజిషన్‌లో డిగ్రీ చేస్తానంటోంది. తెలిసినవాళ్లు ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు చేయించండి, ఇప్పుడంతా దానిదే నడుస్తోంది అంటున్నారు. రెండిట్లో ఏది మంచిది? సిబేలియస్, డొరికో లాంటి మ్యూజిక్ రాసే సాఫ్ట్‌వేర్లు కొనివ్వాలా? అసలు ఇందులో ఉద్యోగాలుంటాయా, లేక ఇదంతా కాలక్షేపమేనా? తనతో ఏం మాట్లాడాలో కూడా తెలీడం లేదు.

జవాబు: సార్, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి ఏ కోర్సు, ఏ సాఫ్ట్‌వేర్ అని ఉంటుంది, లోపల మాత్రం ఒకటే ప్రశ్న, మా బిడ్డ రేపు తన కాళ్ల మీద తను నిలబడుతుందా లేదా అని. అందుకే ముందు దానికే జవాబు చెప్తాను. మీ అమ్మాయి చెడిపోలేదు, ఈ రెండేళ్లు గాలికీ పోలేదు. పదిహేడేళ్ల పిల్ల ఎవరూ చెప్పకుండా కూర్చుని, మనసులో వినపడ్డదాన్ని ఐదు గీతల మీద పెట్టి, విని, బాగోలేదని చెరిపి, మళ్లీ రాస్తోందంటే అది కాలక్షేపం కాదండి, పని. తను చివరికి ఏ ఉద్యోగం చేసినా ఆ ఓపిక తనతోనే ఉంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో "ఏవో నోట్స్ రాస్తుంది" అన్నారు. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఏవో ఏంటో మీకు తెలీదా? ఒక్క పాటయినా మొదట్నుంచి చివరిదాకా కూర్చుని విన్నారా? ఏ వాయిద్యం కోసం రాస్తోందో అడిగారా? కోర్సుల గురించి బయటివాళ్లని నలుగుర్ని అడిగారు గానీ ఆ పిల్లని అడిగినట్టు ఎక్కడా కనపడలేదు. వినకుండానే ఇది అన్నం పెడుతుందా లేదా అని తేల్చేద్దామంటే ఎలా సార్? చదువు వెనకపడుతుందేమో అన్నారు, పడిందని రాయలేదు. మార్కులు నిజంగా తగ్గుంటే అది వేరే సంగతి, నిద్ర సంగతి చూడండి, రాత్రి ఫలానా టైముకి కంప్యూటర్ ఆపాలని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. దానికోసం సంగీతాన్నే ఆపేయక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో కంప్యూటర్లో మ్యూజిక్ రాసే పిల్లలందరూ పడే గుంట ఒకటుంది, అదేంటంటే ప్లేబ్యాక్. బటన్ నొక్కగానే కంప్యూటర్ వాయించేస్తుంది, అంతా అద్భుతంగా వినపడుతుంది, మనం పెద్ద కంపోజర్ అయిపోయాం అనిపిస్తుంది. కానీ కంప్యూటర్లో ఫ్లూట్‌కి ఊపిరి అయిపోదు. వయొలిన్‌లో మిడిల్ సి కింద ఉన్న జి కంటే దిగువ స్వరం లేదు, అయినా రాస్తే సాఫ్ట్‌వేర్ కాదనదు, మ్యూజ్‌స్కోర్ అయితే ఆ నోట్‌ని ఎర్రగా చూపిస్తుంది, అంతే. మనిషి ముందు కాగితం పెట్టినప్పుడే నిజం బయటపడుతుంది.

నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడి సంగతి చెప్తాను. క్లారినెట్, చెల్లో, పియానో కోసం ఒక ముక్క రాశాడు, ఇంట్లో వందసార్లు విన్నాడు, బాగానే ఉంది, ప్రింట్ తీసుకుని ముగ్గురు వాయించేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాడు. మొదటి బార్ నుంచే అపశ్రుతి. క్లారినెట్ ఆయన తప్పు వాయిస్తున్నాడేమో అనుకున్నాడట పాపం. జరిగిందేంటంటే బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక టోన్ కిందకి పలుకుతుంది, సి అని రాస్తే బి ఫ్లాట్ వినపడుతుంది, కాబట్టి పార్ట్‌లో, అంటే ఆయనకి విడిగా ఇచ్చే కాగితంలో, ఒక టోన్ పైకి రాసివ్వాలి. సాఫ్ట్‌వేర్ ఆ పని తనే చేస్తుంది, కానీ మనవాడు రాసుకోవడానికి ఈజీగా ఉంటుందని అన్ని వాయిద్యాలనీ వినపడే స్వరంలోనే చూపించే కాన్సర్ట్ పిచ్ బటన్ నొక్కి పెట్టుకుని, దాన్ని తీయకుండానే ప్రింట్ కొట్టేశాడు. బటన్ ఎటున్నా ప్లేబ్యాక్ సరిగ్గానే వినపడుతుంది కదా, అందుకే ఇంట్లో ఎన్నిసార్లు విన్నా దొరకలేదు. దానికి తోడు చెల్లో పార్ట్‌లో మొదటి పేజీ సరిగ్గా వేగంగా సాగే స్వరాల మధ్యలో అయిపోయింది, ఎడం చెయ్యి తీగల మీద, కుడి చేతిలో కమాను, ఇంక పేజీ ఏ చేత్తో తిప్పాలి? ఆవిడ ఆపేసింది, మిగతా ఇద్దరూ ఆగారు. ఆ రోజు ఇంటికెళ్లి ఆ అబ్బాయి పేజీ చివర రెస్ట్, అంటే వాయించకుండా ఆగే చోటు, వచ్చేలా లైన్లన్నీ మళ్లీ సర్దాడు. నా లెక్కలో అతని చదువు ఆ రోజే మొదలైంది.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే మీరడిగిన ఉద్యోగాలు ఇక్కడే ఉన్నాయి కాబట్టి. సినిమాకి ఆర్కెస్ట్రా రికార్డింగ్ ఉందనుకోండి, చాలామంది సంగీత దర్శకులు ముందు కీబోర్డ్ మీద వాయించి కంప్యూటర్లో ట్రాకులుగా పెడతారు. ఆ మిడి ఫైల్‌ని, అంటే ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో కంప్యూటర్ దాచుకున్నదాన్ని, నేరుగా నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, చిందరవందరగా ఉంటుంది. వేలు రవ్వంత ఆలస్యంగా పడిందనుకోండి, అక్కడ ఒక చిన్న రెస్ట్, ఆ తర్వాత ఒక టై, అంటే రెండు నోట్లని కలిపే గీత, ఇలా పేజీ నిండా చీమలు పాకినట్టు. 1983లో వచ్చిన మిడి భాషలో స్వరమంటే ఒక నంబరు, అంతే. 66 అంటే ఎఫ్ షార్పా, జి ఫ్లాటా దానికి తెలీదు, కీబోర్డ్ మీద రెండూ ఒకే మెట్టు గానీ కాగితం మీద అవి రెండూ వేరు వేరు నోట్లు, తప్పుది రాస్తే చదివేవాళ్లు తడబడతారు. దీన్ని శుభ్రం చేసి, ఏ స్వరాల వరుస ఏ వాయిద్యానికో పంచేవాళ్లు ఆర్కెస్ట్రేటర్లు, అందరికీ విడివిడిగా పార్ట్స్ తయారుచేసేవాళ్లు కాపీయిస్టులు, రికార్డింగ్ ముందు రాత్రి వీళ్లకి నిద్రుండదు. పబ్లిషర్ల దగ్గర అచ్చుకి నొటేషన్ పేజీలు తీర్చిదిద్దే ఎన్‌గ్రేవర్లుంటారు, ఆర్కెస్ట్రాల్లో ఆ కాగితాలన్నీ చూసుకునే లైబ్రేరియన్లుంటారు, స్కూల్ బ్యాండులకి, గాయక బృందాలకి ఉన్న పాటని వాళ్ల స్థాయికి తగ్గట్టు తిరగరాసే అరేంజర్లుంటారు, రికార్డింగ్ విని నొటేషన్ రాసిచ్చేవాళ్లుంటారు. టీచింగ్ ఎలాగూ ఉంది. వీటిలో నెల జీతం ఉద్యోగాలు తక్కువ, చాలావరకు పనికింత అని వచ్చేవే, అది దాచను. ఎక్కువమంది రెండు మూడు పనులు కలిపి బతుకుతారు, టీచింగ్ ఒక పక్క, అరేంజింగ్ ఒక పక్క.

మీ వాళ్లు చెప్పిన ఏడాది ప్రొడక్షన్ కోర్సు గురించి నా అనుమానాలు దాచుకోకుండా చెప్తాను. ఇలాంటి కోర్సుల్లో ఎక్కువ భాగం ఒక సాఫ్ట్‌వేర్‌లో మెనూలు ఎక్కడున్నాయో, ట్రాకులు ఎలా పెట్టాలో, ఏ ప్లగిన్ ఏం చేస్తుందో నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. మిక్సింగ్, రికార్డింగ్ చాలా గొప్ప పనులే, మంచి గురువు దగ్గర నేర్చుకుంటే జీవితం నిలబడుతుంది, దాన్ని చిన్నచూపు చూడట్లేదు. కానీ ఏడాదిలో చెవి తయారవదు సార్. పైగా ఆ సర్టిఫికెట్ చూసి పని ఇచ్చేవాళ్లని నేనైతే చూడలేదు, అందరూ చేసిన పని వినిపించమంటారు. రెడీమేడ్ బీట్లు, లూపులు పేర్చడం ఇప్పుడు ఇంట్లో ఎవరైనా చేసుకుంటున్నారు, ఏఐ కూడా చేసి పెడుతోంది, సరిగ్గా ఆ ముక్కకే డబ్బు కట్టి పిల్లని పంపితే చివరికి తన చేతిలో ఏం మిగులుతుంది? ఇప్పుడంతా దానిదే నడుస్తోంది అనే మాట వింటే నాకు భయమేస్తుంది, ఎందుకంటే తను కోర్సు పూర్తిచేసే సరికి నడిచేది ఇంకోటి అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోవడం గురించి ఒక్కటి చూడండి. ఫినాలే అని ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఉండేది, 1988లో వచ్చింది, ఎంతోమంది వృత్తిలో ఉన్నవాళ్లు దాని షార్ట్‌కట్లు వేళ్లకి పట్టేసేంతగా వాడారు. 2024 ఆగస్టులో కంపెనీ ఇంక దీన్ని అభివృద్ధి చేయమని ప్రకటించింది. దాని మీదే జీవితాంతం రాసినవాళ్లు ఫైళ్లన్నీ వేరేదాన్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. సిబేలియస్‌ని ఇద్దరు కవల సోదరులు 1993లో తెచ్చారు, 2006లో అవిడ్ అనే కంపెనీ కొంది, 2012లో లండన్‌లో దాన్ని తయారుచేసే ఆఫీసు మూసేశారు, ఆ టీమ్‌లో చాలామంది స్టైన్‌బర్గ్ అనే ఇంకో కంపెనీకి వెళ్లి 2016లో డొరికో తెచ్చారు. సిబేలియస్ ఇప్పటికీ ఉంది, వాడుతున్నారు కూడా, కానీ చూశారా, ముప్పై ఏళ్లలో ఎన్ని మలుపులో. ఫినాలే వాడినవాళ్లలో నిజంగా పని తెలిసినవాళ్లెవరూ మునిగిపోలేదు, కొన్నాళ్లు ఇబ్బంది పడి డొరికోలో కొత్త మెనూలు నేర్చుకుని అదే పని చేస్తున్నారు, ఎందుకంటే పేజీ ఎలా ఉండాలో వాళ్ల కళ్లకి తెలుసు.

అందుకని ఇప్పుడేమీ కొనకండి. మ్యూజ్‌స్కోర్ ఫ్రీ, ఓపెన్ సోర్స్, 2022 చివర్లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ప్లేబ్యాక్ కూడా బాగా మారింది, తన వయసుకి, తన పనికి అది ధారాళంగా చాలు. డొరికోకి, సిబేలియస్‌కి రెండింటికీ పరిమితులున్న ఫ్రీ వెర్షన్లున్నాయి, కావాలంటే చేతులు అలవాటు చేసుకోమనండి, డొరికోలో స్కోర్ నుంచి, అంటే అన్ని వాయిద్యాలూ కలిపి ఉన్న పేజీ నుంచి, పార్ట్స్ విడదీసి పేజీలు సర్దడం తనకి నచ్చొచ్చు. పెద్ద వెర్షన్ కాలేజీలో చేరాక అక్కడ ఏది వాడితే అది తీసుకుందాం, స్టూడెంట్ రేటు కూడా వస్తుంది. ఒక్క అలవాటు మాత్రం ఈ రోజే చేయించండి, పూర్తయిన ప్రతి ముక్కనీ పీడీఎఫ్‌గా ఒకటి, వేర్వేరు నొటేషన్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా ఒకటి దాచుకోవాలి. రేపు ఏ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఇంకోదాన్లో తెరవడానికి దారి ఉంటుంది, స్వరాలన్నీ వస్తాయి, పేజీ సర్దుబాటు మాత్రం కొంత మళ్లీ చేసుకోవాలి.

కంపోజిషన్ డిగ్రీనా, ప్రొడక్షన్ కోర్సా అన్నారు కదా. నా ఓటు డిగ్రీకే, కానీ ఒక షరతు మీద. ఆ కాలేజీలో విద్యార్థులు రాసింది అక్కడి విద్యార్థులే వాయిస్తారా? ఏడాదికి ఎన్నిసార్లు? ఈ రెండు ప్రశ్నలు అడగండి. వాయించేవాళ్లే లేని చోట కంపోజిషన్ డిగ్రీ చేస్తే తను ఇప్పుడు ఇంట్లో చేస్తున్నదే ఫీజు కట్టి చేసినట్టవుతుంది. ఒకవేళ మీకు ధైర్యం చాలకపోతే వేరే డిగ్రీ చేస్తూ మంచి టీచర్ దగ్గర హార్మొనీ, ఆర్కెస్ట్రేషన్ నేర్చుకోవడం కూడా దారే, అదేం ఓటమి కాదు, తనతో మాట్లాడి తేల్చుకోండి, తన బదులు మీరు తేల్చకండి.

అయితే ఇవన్నీ తేల్చే ముందు మూడు నెలలు ఒక పని చేయించండి. ముగ్గురు మనుషులు వాయించగలిగే రెండు నిమిషాల ముక్క ఒకటి రాయమనండి. ఎవరు దొరికితే వాళ్లకే, తన స్నేహితులు, టీచర్, పక్కింటి పిల్లలు. పార్ట్స్ ప్రింట్ తీయమనండి, ఆర్కెస్ట్రా లైబ్రేరియన్ల సంఘం మోలా వాళ్లు పార్ట్‌లో ఐదు గీతల ఎత్తు 7 మిల్లీమీటర్లకి తగ్గకూడదంటారు, స్కేలు పెట్టి కొలవమనండి. ఆ తర్వాత కాగితాలు వాళ్ల ముందు పెట్టి, తను నోరు విప్పకుండా పక్కన కూర్చోవాలి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్న ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఇది ఎంత ఫాస్ట్? ఇక్కడ ఊపిరెక్కడ తీసుకోను? ఈ నోట్ షార్పా కాదా? ప్రతి ప్రశ్నా కాగితం చెప్పకుండా వదిలేసిన విషయమే. దిద్ది మళ్లీ వాయించమనాలి, అలా మూడుసార్లు. మూడోసారికి కూడా తనకి ఉత్సాహం తగ్గకుండా, తప్పు దొరికినప్పుడు ఏడవకుండా పెన్సిల్ తీస్తుంటే డిగ్రీకి నిశ్చింతగా పంపండి. మనుషుల దగ్గరికి వెళ్లడం ఇష్టంలేక, తెర ముందే బాగుందనిపిస్తే అదీ మంచి సమాచారమే, అప్పుడు సంగీతం ఇష్టంగా ఉండనిచ్చి జీవనం వేరేదాంట్లో వెతుకుదాం.

ఏం మాట్లాడాలో తెలీడం లేదన్నారు. ఈ రాత్రి తన గదిలోకి వెళ్లి, "ఏది రాస్తున్నావో వినిపించమ్మా" అనండి. పూర్తయ్యేదాకా కూర్చోండి, మధ్యలో ఫోన్ తీయకండి. అయిపోయాక ఉద్యోగం మాట ఎత్తకండి, ఇందులో ఏ వాయిద్యం ఎప్పుడు మొదలవుతుందో స్కోర్ మీద వేలు పెట్టి చూపించమనండి. ఆ మూడు నెలలూ అయ్యాక ప్రశ్నల పుస్తకంలో ఏమేం రాసుకుందో నాకు రాయండి, దాన్ని బట్టి కాలేజీల సంగతి మాట్లాడుకుందాం.