మూడు పీపాల మాల్ట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడు రకాల పీపాల్లో మాగబెట్టిన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ) అని సీసా మీద రాసుంది. వెనిలా, ఎండుద్రాక్ష, లవంగం అంటూ పెద్ద చిట్టా కూడా ఇచ్చారు. నాకు మాత్రం గొంతు మంట, తర్వాత కాస్త తీపి తప్ప ఏమీ తెలియలేదు. లోపం నా నాలుకదా, సీసాదా?

జవాబు: మీ నాలుకకేం కాలేదండీ, ఆ చిట్టా రాసినవాళ్లదే అత్యుత్సాహం. మూడు పీపాలు కదా అని మూడు రుచులు వరసగా వచ్చి హాజరు పలకవు. అన్నీ కలిసిపోయాక ఏది దేనిదో విడదీయడం రోజూ ఇదే పనిలో ఉండేవాళ్లకే కష్టం. అయితే ఏ పీపా ఎటు లాగుతుందో ముందే తెలిస్తే పట్టుకోవడం కాస్త తేలిక. అమెరికా వాళ్ల మొక్కజొన్న విస్కీ బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాల్లోనే ఉంచాలని అమెరికా చట్టం, అంటే అక్కడ ఒక్కసారి వాడాక ఆ పీపాకి మళ్లీ బర్బన్ యోగం లేదు. అవే స్కాట్లాండ్ చేరతాయి, వెనిలా, కొబ్బరి లాంటి వాసనలు చాలావరకు ఆ అమెరికన్ ఓక్ చలవే. స్పెయిన్ ఘాటు వైన్ షెర్రీని ఉంచిన పీపాలు యూరోపియన్ ఓక్‌వైతే ఎండుద్రాక్ష, అంజీర్, మసాలా ఘాటు, వాటితో పాటు వగరు కూడా వస్తుంది. స్కాట్లాండ్ విస్కీ లఫ్రాయిగ్ ట్రిపుల్ వుడ్‌నే చూడండి, బర్బన్ పీపాలో మొదలై, క్వార్టర్ క్యాస్క్ అనే చిన్న పీపాలోకి మారి, చివరికి ఒలొరోసో అనే ముదురు రకం షెర్రీ పీపాకి చేరుతుంది. పీపా చిన్నదయ్యేకొద్దీ లోపలి విస్కీకి చెక్క తాకిడి ఎక్కువ.

ఇక తాగే పద్ధతి. పైన మూతి సన్నగా ఉండే గ్లాసులో కొంచెమే పోసి ఓ పది నిమిషాలు వదిలేయండి. ముక్కు లోపలికి దూర్చేస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ అందదు, గ్లాసు అంచు దగ్గరే ఆగి నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి, అది నోటిని అలవాటు చేయడానికే. రెండోది చిన్నగా తీసుకుని, నాలుక మీద తిప్పి, చిగుళ్ల దాకా పోనిచ్చి నెమ్మదిగా మింగండి. ముందు మెత్తని తీపి తగిలి, మింగాక బుగ్గల లోపల పచ్చి జామకాయ కొరికినట్టు పొడిబారి పట్టేస్తే, అక్కడ చెక్క వగరు పని చేస్తోందన్నమాట. ఆ తర్వాత నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడండి, మంట తగ్గి అడుగున ఉన్నవి పైకొస్తాయి. ఐస్ మాత్రం వద్దు, చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి. అన్నిటికన్నా మంచి ఉపాయం, ఒట్టి బర్బన్ పీపాలో మాగిన మాల్ట్‌ని పక్క గ్లాసులో పెట్టుకుని మార్చి మార్చి చూడటం. తేడా తెలియడానికి అంతకు మించిన గురువు లేడు.

ప్రశ్న: రెండు పీపాలు, పన్నెండేళ్లు అంటే తలా ఆరేళ్లా?

జవాబు: అలా పంచరు. బాల్వెనీ డబుల్‌వుడ్ అనే స్కాచ్ పన్నెండేళ్లు అమెరికన్ ఓక్‌లోనే ఉండి, ఆ తర్వాత సుమారు తొమ్మిది నెలలు షెర్రీ పీపాలో గడుపుతుంది. చివర్లో ఇలా పీపా మార్చడాన్నే ఫినిషింగ్ అంటారు, బాల్వెనీలో విస్కీ తయారీ నిపుణుడు డేవిడ్ స్టీవార్ట్ 1980లలోనే దీన్ని మొదలుపెట్టారు. వేర్వేరు పీపాల్లో విడివిడిగా మాగినవాటిని చివర్లో కలపడం ఇంకో దారి. లేబుల్ మీది ‘ట్రిపుల్’ ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు, అందుకే చిన్న అక్షరాలు చదవండి. స్కాచ్‌లో వయసు అంటారా, సీసాలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసే వేయాలి.

ప్రశ్న: రంగు ముదురుగా ఉంటే షెర్రీ పీపా ఎక్కువని అర్థమేనా?

జవాబు: నమ్మకండి. స్కాచ్‌లో రంగు కోసం సాదా కారమెల్ (మాడ్చిన చక్కెర) కలపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. రంగు కలపలేదని లేబుల్ మీద ఉన్నా తొందరపడొద్దు, రెండు మూడు సార్లు వాడేసిన షెర్రీ పీపా నుంచి లేత పసుపు విస్కీ కూడా వస్తుంది.