ఇంజనీరింగ్ వద్దు, కేంద్రకాలే కావాలంటోంది

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చాలా బరువైన పరమాణు కేంద్రకాల ఆకారాల మీద పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలు 'కొవ్వాడ ప్లాంటులో ఉద్యోగమా?' అంటున్నారు. ఇందులో బతుకుదెరువు ఉందా సార్?

జవాబు: కొవ్వాడలో కట్టాలనుకుంటున్న అణు ప్లాంటు మాట కరెంటు గురించి. మీ పాప అడుగుతున్నది వేరు: కేంద్రకం ఎంత బరువు వరకు విడిపోకుండా ఉండగలదు?

తామరాకు మీద చిన్న నీటిబొట్టు గుండ్రంగా ఉంటుంది, పెద్దదైతే సాగుతుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి నెట్టుకోవడం పెరిగి అదీ సాగుతుంది. యురేనియం కేంద్రకం కోలగా ఉంటుంది. రేడియం-224 జామకాయలా ఒకవైపు సన్నగా ఉంటుందని 2013లో యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో చేసిన ప్రయోగాలు చూపించాయి. ఇంకా బరువైతే మధ్యలో బోలుగానో, చిల్లుగారెలానో ఉండొచ్చని లెక్కలు కట్టినవాళ్లున్నారు. ఇక కేంద్రకాల ఆయుష్షు సంగతి. మన కళింగపట్నం తీరం ఇసుకలో దొరికే ఖనిజమైన మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది విడిపోతూ సగానికి తగ్గడానికి దాదాపు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది. 118వ మూలకం ఒగనెస్సన్‌కు మాత్రం సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. 114 ప్రోటాన్లు, 184 న్యూట్రాన్ల దరిదాపుల్లో కాస్త ఎక్కువకాలం నిలిచే కేంద్రకాలు ఉండాలని అంచనా. సరిగ్గా అక్కడిదాకా ఇంకా ఎవరూ చేరలేదు. మీ పాపకు పని మిగిలే ఉంది!

దారి దగ్గర్లోనే ఉంది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, అక్కడ ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరాలి. ఆ పరీక్షలో బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి, ఎంపీసీ పిల్లలు అక్కడే కంగారు పడతారు. అలాంటిదే భువనేశ్వర్‌లోని నైసర్, దానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అవి కుదరకపోతే బీఎస్సీ చేసి, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో స్వామి జ్ఞానానంద మొదలుపెట్టిన న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి వెళ్లొచ్చు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయించండి, తప్పులేదు.

ఇక డబ్బు సంగతి. ఇంజనీరింగ్ పిల్లల్లా నాలుగేళ్లకే జీతం రాదు. ఎంఎస్ తర్వాత పీహెచ్‌డీ మరో ఐదారేళ్లు. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, అంటే అప్పటి నుంచి మీ మీద భారం ఉండదు. కొత్త మూలకాలు తయారుచేసే ల్యాబులు రష్యాలోని దుబ్నా, జపాన్‌లోని రికెన్ లాంటివి. ఆకారాల లెక్కలు మాత్రం భువనేశ్వర్‌లో కూర్చునీ చేస్తున్నారు. అందుకు గణితం, కోడింగ్ గట్టిగా రావాలి.

ఒక్క మనవి. ఈ పదేళ్లలో పెళ్లి మాట తెచ్చి టెన్షన్ పెట్టకండి. ఈ ఆదివారం పాత ఐఏటీ పేపరు ఒకటి టైం పెట్టి రాయించండి. బయాలజీలో ఎన్ని మార్కులొచ్చాయో నాకు రాయండి, అక్కడి నుంచి ప్లాన్ చేద్దాం.