మా షేరును ఎవరో ఆడిస్తున్నారా?

ప్రశ్న: మేం ఐదుగురం ఒకే ఆఫీసులో పనిచేసి రిటైరైనవాళ్లం. 22 శాఖలున్న ఒక చిన్న రెస్టారెంట్ కంపెనీ లెక్కలు చదివి, నచ్చి, అందరం కలిపి 9,000 షేర్లు కొన్నాం. కొనడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రోజుకి సగటున 900 షేర్లు చేతులు మారాయి, ధర 14 శాతం పెరిగింది. మా అంచనా నిజమైందని సంబరపడ్డాం. ఆ తర్వాత రోజుకి 300 షేర్లు కూడా కదలడం లేదు. మొన్న ఒక్కరోజులో కేవలం 150 షేర్లకే 9 శాతం పడిపోయింది. కంపెనీ నుంచి వార్త ఏమీ లేదు. ఎవరో పెద్దవాళ్లు కావాలనే ఆడిస్తున్నారని మాలో ముగ్గురి అనుమానం. రోజూ ఫోన్లలో ఇదే గొడవ. అమ్మేయాలా? ఇంకొన్ని కొని మా సగటు కొనుగోలు ధర తగ్గించుకోవాలా, అదే యావరేజ్ చేయాలా?

జవాబు: ఆ పెద్దవాళ్లెవరో మీ ఉత్తరంలోనే ఉంది. మూడు వారాలంటే 15 ట్రేడింగ్ రోజులు. 9,000 షేర్లను 15తో భాగిస్తే రోజుకి 600. ఆ రోజుల్లో మొత్తం చేతులు మారినవి 900 అని మీరే రాశారు. అంటే మార్కెట్లో ఎవరో ఒకరు కొన్న ప్రతి మూడు షేర్లలో రెండు మీవే. ధర పెంచిందీ మీరే, పెరిగిన ధర చూసి మన అంచనా నిజమైందని చప్పట్లు కొట్టుకుందీ మీరే. మీరు కొనడం ఆపగానే రోజు వాల్యూమ్, అంటే చేతులు మారే షేర్ల సంఖ్య, 300కి దిగిందంటే ఆ షేరు తన అసలు నడకకి వచ్చిందన్నమాట.

మిమ్మల్ని ఎగతాళి చేయడం లేదు. ఈ పొరపాటు నేనూ చేశాను, అదీ ఖాతాలు చూడటమే వృత్తిగా బతికిన దాన్ని అయ్యుండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ 9 శాతం సంగతి. మీరు అసలు ధరలు రాయలేదు కాబట్టి, లెక్క తేలిక కోసం స్క్రీన్ మీద ధర 100 అనుకుందాం. ఆ 100 అనేది చివరిసారి ఎవరో ఎవరికో అమ్మిన ధర. నిన్నటిది కావచ్చు, మొన్నటిది కావచ్చు. ఇప్పుడు మీరు అమ్మబోతే ఎంతొస్తుందో అది చెప్పదు. అది చెప్పేది ఆర్డర్ల వరస. కొనేవాళ్ల వైపు 94 దగ్గర 60 షేర్లకి ఒకరు, 91 దగ్గర 200 షేర్లకి ఇంకొకరు నిలబడి ఉన్నారనుకోండి. అమ్మేవాళ్లు 101 అడుగుతున్నారు. ఆ మధ్యలో ఏమీ లేదు, ఖాళీ. ఎవరికో డబ్బు అవసరమొచ్చింది, 150 షేర్లు మార్కెట్ ఆర్డర్‌లో, అంటే ఎంతొస్తే అంతకి అమ్మేయమని, పడేశారు. మొదటి 60 షేర్లు 94కి పోయాయి, మిగతా 90 షేర్లు 91కి పోయాయి. చివరి బేరం 91 కాబట్టి స్క్రీన్ మీద 9 శాతం నష్టం ఎర్రగా కనిపిస్తుంది. దీనికి కుట్ర అక్కర్లేదు, ఎవరింట్లోనో ఒక అర్జెంటు ఖర్చు చాలు. అది మీ ఐదుగురిలో ఒకరి పనే కాదు కదా? ఓసారి మెల్లగా అడిగి చూడండి.

ఇక నా కథ. చాలా ఏళ్ల కిందట ఇలాంటి రెస్టారెంట్ కంపెనీ షేర్లే 400 ఉండేవి నా దగ్గర. ఇంటి అవసరం పడి, పొద్దున్నే మార్కెట్ తెరవగానే మార్కెట్ ఆర్డర్ పెట్టి వంటింట్లోకి వెళ్లాను. కొనేవాళ్లు ఇంకా లేచి ముఖం కడుక్కున్నట్టు లేరు. నా ఆర్డర్ మెట్లు దిగినట్టు ఒక్కో ధరా దిగుకుంటూ పోయి, ముందురోజు ధర కంటే సగటున 11 శాతం తక్కువకి అమ్ముడైంది. మధ్యాహ్నానికల్లా ధర మళ్లీ యథాస్థానానికి వచ్చి కూర్చుంది. నా షేర్లు కొన్న మనిషెవరో ఆ రోజు చాలా హాయిగా భోంచేసి ఉంటారు. బ్రోకర్‌కి ఫోన్ చేసి అరిచాను. పాపం ఆ అబ్బాయి తప్పేముంది, నేను పెట్టిన ఆర్డరే అది. అప్పటి నుంచి వాల్యూమ్ లేని షేరుకి లిమిట్ ఆర్డర్, అంటే ఫలానా ధర కంటే తక్కువకి అమ్మొద్దని చెప్పేది, తప్ప ఇంకోటి పెట్టలేదు. మార్కెట్ తెరిచిన మొదటి అరగంట అటువైపే చూడను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అమ్మాలా కొనాలా. దానికంటే ముందు ఇంకోటి తేల్చుకోండి: అమ్మాలనుకుంటే ఎన్నాళ్లు పడుతుంది? ధర చెదరకుండా బయటపడాలంటే రోజు వాల్యూమ్‌లో పావు వంతు కంటే మీరు ఎక్కువ కాకూడదని నా మోటు లెక్క. 300లో పావు 75. 9,000 షేర్లకి 120 ట్రేడింగ్ రోజులు, సుమారు ఆరు నెలలు. ఐదుగురూ ఒకేసారి బయల్దేరితే ఒకరి అమ్మకం ఇంకొకరి ధరని కొడుతుంది. కాబట్టి ఇంకొన్ని కొని యావరేజ్ చేయడమంటే ఆరు నెలల దారిని ఏడెనిమిది నెలలు చేసుకోవడమే. కంపెనీ మీద మీకెంత నమ్మకమున్నా సరే, నేనైతే ఇక్కడితో ఆపుతాను. అమ్మమని మాత్రం తొందరపెట్టను. ఆ డబ్బు మూడు నాలుగేళ్లు అవసరం లేకపోతే ఉండనివ్వండి. మీలో ఎవరికి ముందు అవసరం పడొచ్చో వాళ్లు ఇప్పటి నుంచే కొద్దికొద్దిగా లిమిట్ ఆర్డర్లతో తగ్గించుకోవాలి.

ఇలాంటి షేర్లు అసలు పట్టుకోకూడదని కూడా నేననను. యాకోవ్ అమిహుద్, హైమ్ మెండెల్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1986లోనే ఒక సంగతి చూపించారు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఎక్కువున్న షేర్లు సగటున ఎక్కువ రాబడి ఇస్తాయి, ఎందుకంటే ఆ ఇబ్బంది పడేవాళ్లు దానికి ప్రతిఫలం అడుగుతారు. కాకపోతే ఆ ప్రతిఫలం ఎక్కువకాలం కదలకుండా కూర్చునేవాళ్లకే దక్కుతుంది. పై లెక్కలోలా 94కీ 101కీ మధ్య తేడా ఉన్న షేరు కొన్న వెంటనే అమ్మితే దాదాపు 7 శాతం పోయినట్టే. దాన్ని ఐదేళ్లకి పంచుకుంటే ఏడాదికి ఒకటిన్నర శాతం కూడా పడదు. రోజూ ఫోన్లలో ధర చర్చించుకునేవాళ్ల షేరు కాదది.

రెస్టారెంట్ రంగంలో ఇవి వింత కూడా కాదు. అమెరికాలో ఫ్లోరిడాకి చెందిన ఫ్లానిగన్స్ ఎంటర్‌ప్రైజెస్ 1959 నాటి వ్యాపారం, ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన కంపెనీ. దాని మొత్తం షేర్లు 19 లక్షలు కూడా లేవు, అందులోనూ పెద్ద వాటా కుటుంబం దగ్గరే ఉంది. న్యూయార్క్‌కి చెందిన ఆర్క్ రెస్టారెంట్స్ షేర్లు సుమారు 36 లక్షలు. మెక్‌డొనాల్డ్స్ షేర్లేమో 70 కోట్లకు పైగా. మూడూ తిండి వ్యాపారాలే. అయినా మొదటి రెండింటిలో ఒక మోస్తరు ఆర్డర్‌కే ధర కదులుతుంది. మీ కంపెనీలో కూడా మొత్తం షేర్లెన్ని అని కాకుండా, ప్రమోటర్ల వాటా తీసేస్తే నిజంగా తిరిగేవి ఎన్ని అని చూడండి.

ఒక్క హెచ్చరిక. మీ ఫోన్ గొడవల్లో ఎవరైనా "తలా కొన్ని కొంటూ ధర నిలబెడదాం" అంటే అక్కడే ఆపించండి. విడివిడిగా నచ్చి కొనడం వేరు, ధర నిలబెట్టడానికి కూడబలుక్కుని కొనడం వేరు. రెండోదాన్ని దాదాపు ప్రతి దేశంలోనూ మార్కెట్ మోసంగానే చూస్తారు. "మేం చిన్నవాళ్లం" అనే వాదన అక్కడ నిలవదు.

ప్రశ్న: ఒక రెస్టారెంట్ కంపెనీ పాత వార్షిక నివేదికలు వరసగా చదువుతున్నాను. 2018లో అప్పు దాదాపు లేదు. 2019లో కొండంత కనిపిస్తోంది. అప్పు తెచ్చినట్టు నివేదికలో ఎక్కడా రాయలేదు. దాచారా?

జవాబు: దాచింది బయటపడిందమ్మా, అదీ చట్టబద్ధంగానే. 2019 జనవరి 1 నుంచి ఐఎఫ్ఆర్ఎస్ 16 అనే అంతర్జాతీయ లెక్కల నియమం అమల్లోకి వచ్చింది. అద్దెకి తీసుకున్న జాగాలకి మున్ముందు కట్టాల్సిన అద్దెల నేటి విలువని బ్యాలెన్స్ షీట్‌లో బాధ్యతగా చూపించాలి. అమెరికా కంపెనీలకీ దాదాపు అదే సమయంలో అలాంటి నియమమే వచ్చింది. రెస్టారెంట్లు ఎక్కువగా అద్దె జాగాల్లోనే నడుస్తాయి కాబట్టి కొండలు పుట్టుకొచ్చాయి. మీరు చూసిన అంకెలో ఎక్కువ భాగం ఇదే అయ్యుంటుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఐఎఫ్ఆర్ఎస్ పాటించే కంపెనీలో అద్దె ఖర్చు అనే పద్దు చాలావరకు మాయమై, తరుగుదల కిందా వడ్డీ కిందా చేరుతుంది. దాంతో రూపాయి అమ్మకం పెరగకపోయినా ఈబీఐటీడీఏ, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, ఒక్క ఏడాదిలో ఎగిరి గంతేస్తుంది. 2018, 2019 అంకెలు పక్కపక్కన పెట్టి వ్యాపారం బాగుపడిందనుకుంటే మోసపోతాం. అమెరికా పద్ధతిలో మామూలు అద్దెలు ఇంకా నిర్వహణ ఖర్చులోనే ఉంటాయి, ఆ గంతు కనిపించదు. రెండు దేశాల కంపెనీల్ని పోల్చేవాళ్లు ఈ తేడా దగ్గరే కాలు జారతారు.

అలాగని ఇది ఉత్త కాగితం మీది అప్పు అని కొట్టిపారేయకండి. తినడానికి జనం రాకపోయినా అద్దె మాత్రం వస్తూనే ఉంటుంది. 2020లో తలుపులు మూసుకున్న నెలల్లో రెస్టారెంట్లని పిండేసిన ఖర్చుల్లో అద్దె ఒకటి. నివేదిక వెనక నోట్స్‌లో ఏ ఏడాది ఎంత అద్దె కట్టాలో పట్టిక ఉంటుంది. నేను మొదట తెరిచే పేజీ అదే.

ప్రశ్న: మా కంపెనీ చివరి త్రైమాసికంలో అమ్మకాలు 9 శాతం పెరిగాయని ప్రకటించింది. షేరు మాత్రం కదల్లేదు. మార్కెట్‌కి కళ్లు లేవా?

జవాబు: ఆ త్రైమాసికంలో ఎన్ని వారాలున్నాయో చూశారా? చాలా రెస్టారెంట్ కంపెనీలు ఏడాదిని నెలలతో కాకుండా వారాలతో లెక్కిస్తాయి, మామూలుగా 52. కొన్నేళ్లకోసారి 53 వారాల ఏడాది వస్తుంది, అప్పుడు చివరి త్రైమాసికంలో 13కి బదులు 14 వారాలు ఉంటాయి. ఆ ఒక్క వారమే అమ్మకాల్ని సుమారు 7.7 శాతం పెంచి చూపిస్తుంది. మీదీ అలాంటి త్రైమాసికమే అయితే, ఆ వారం ప్రభావం తీసేసి చూస్తే (109ని 107.7తో భాగిస్తే) అసలు పెరుగుదల సుమారు 1.2 శాతమే. అప్పుడు పాత శాఖల అమ్మకాలు విడిగా చూడండి, అందులోనూ వచ్చిన జనం పెరిగారా, మెనూ ధరలే పెరిగాయా అన్నది చూడండి. ధరలు పెంచి జనాన్ని పోగొట్టుకునే శాఖ ఏడాదో రెండేళ్లో బాగానే కనిపిస్తుంది.

ప్రశ్న: నా దగ్గరున్న చిన్న రెస్టారెంట్ కంపెనీలో 71 శాతం వాటా యజమాని కుటుంబానిదే. మిగతావాళ్ల షేర్లు మార్కెట్ ధర కంటే 20 శాతం ఎక్కువిచ్చి కొంటామని పత్రం పంపారు. ఇచ్చేయనా? ఇవ్వకపోతే ఇరుక్కుపోతానేమోనని టెన్షన్.

జవాబు: ఎక్కువ అన్నారు సరే, దేని మీద ఎక్కువ? రోజుకి వంద షేర్లు కూడా తిరగని చోట మార్కెట్ ధర ఎంతోమంది కలిసి తేల్చిన ధర కాదు. ఇద్దరు ముగ్గురి అవసరం అది. గత ఆరు నెలల సగటు ధరతో, రెండేళ్ల కిందటి ధరతో కూడా పోల్చి చూడండి. ఆ తర్వాత ఆస్తుల నోట్ తెరవండి. భవనాలూ భూమీ సొంతమైతే, ఎప్పుడో కొన్న ధరకే పుస్తకాల్లో పడి ఉండొచ్చు. ముప్పై ఏళ్ల కిందటి ధరకి రాసుకున్న స్థలం మీద 20 శాతం ఎక్కువిస్తామంటే దానం కాదు.

ఇరుక్కుపోతానన్న భయం మాత్రం ఉత్తది కాదు. ఇవ్వనివాళ్ల గతి ఏమిటన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకి అమెరికాలో, ఎక్స్ఛేంజ్ నుంచి తప్పుకున్న కంపెనీకి రికార్డుల్లో ఉన్న వాటాదారులు 300 కంటే తగ్గితే, అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి నివేదికలు ఇవ్వడం ఆపేసే వీలుంది. బ్రోకర్ ద్వారా పట్టుకున్నవాళ్లు ఎంతమందైనా ఆ లెక్కలో బ్రోకర్ పేరు మీదే కలిసిపోతారు కాబట్టి, వేలమంది ఉన్న కంపెనీ కూడా ఆ గీత కిందికి రావచ్చు. ఆ తర్వాత షేరు మీ దగ్గరే ఉంటుంది, లెక్కలు మాత్రం మీ కంట పడవు.

మీరు పంపిన పత్రంలో మొదటి రెండు పేజీలే ఉన్నాయి. స్వతంత్ర నిపుణుడు విలువ ఎలా కట్టాడో చెప్పే భాగం, ఆఫర్ గడువు తేదీ, ఇవ్వనివాళ్ల షేర్ల సంగతి రాసిన పేరా, ఈ మూడూ పంపండి. గడువు దగ్గర్లో ఉంటే వచ్చే సంచిక కోసం ఆగకండి, ఆ పేజీలు మీకు తెలిసిన ఆడిటర్‌కి చూపించండి.