బాబూ అంటే తాతయ్య

ప్రశ్న: అక్కా, బీఈడీ అయ్యాక ఆర్నెల్లు ఖాళీ దొరికితే టాంజానియాలో, మోషి దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో వాలంటీరుగా చేరాను. వచ్చి మూడు వారాలైంది. కిటికీలోంచి కిలిమంజారో కనిపిస్తుంది, అంతే. పొద్దున్నే బకెట్లో బట్టలు ఉతుక్కోవడం, స్కూలు, నోటుబుక్కులు దిద్దడం, చీకటి పడితే గదిలో కూర్చోవడం. ఇంటి దగ్గర నుంచి రోజూ ఒకటే ప్రశ్న, సింహాలు చూశావా, కొండెక్కావా అని. రెండింటికీ నా దగ్గర డబ్బుల్లేవు. ఇంతదూరం వచ్చి నంద్యాలలో ఉన్నట్టే ఉన్నాను. ఎక్కడ పొరపాటు చేశాను?
- ఒక పాఠకురాలు, మోషి

జవాబు: కొండ సంగతి ముందు తేల్చేద్దాం. 5,895 మీటర్లు, గైడు లేకుండా ఎక్కనివ్వరు, పార్కు ఫీజు రోజుకింత అని కట్టాలి, ఎంత త్వరగా ఎక్కిదిగినా ఐదారు రోజులు. డబ్బులున్నప్పుడు వెళ్దువుగాని, అది ఎక్కడికీ పోదు. ఇక సఫారీ అంటావా, అక్కడి భాష స్వాహిలీలో ఆ మాటకి ప్రయాణం అని అర్థం, అంతే. దలదల, అదే అక్కడి చిన్న బస్సు, ఎక్కి పక్క ఊరి సంతకి పోయినా సఫారీయే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ధైర్యంగా చెప్పు, అబద్ధం కాదు.

నేనూ కొన్నేళ్ల కిందట అదే ఊళ్లో ఐదు నెలలున్నాను. మొదటి వారంలోనే పరువు పోయింది. మర్నాడు మూడింటికి టీచర్ల మీటింగ్ అన్నారు, నేను మధ్యాహ్నం మూడింటికి చక్కగా తయారై వెళ్లాను, మీటింగ్ పొద్దున తొమ్మిదికే అయిపోయింది! అక్కడ గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. మన ఏడు వాళ్లకి ఒకటి, ఎనిమిది రెండు, తొమ్మిది మూడు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేళకి తెల్లారుతుంది, కాబట్టి ఆ లెక్క వాళ్లకి బాగానే సరిపోతుంది, తేడా అంతా నా చేతి గడియారంలోనే ఉంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఏ లెక్కలో చెబుతున్నారో అడిగి తెలుసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నీకిప్పుడు నేను చెబుతున్నాను.

దీనికంటే పెద్ద దెబ్బ రెండో తరగతిలో తగిలింది. ఆరేడేళ్ల పిల్లాడొకడు లెక్క తప్పు చేసి బిక్కమొహం వేసుకుంటే, మనకి అలవాటే కదా, "ఏం కాదులే బాబూ" అన్నాను. క్లాసు మొత్తం బెంచీల మీద పడి నవ్వింది. స్వాహిలీలో బాబు అంటే తాతయ్య. ఆ రోజు నుంచి వాడు బడి మొత్తానికీ తాతే, పెద్ద క్లాసుల వాళ్లు కూడా వాడికి షికమో పెట్టేవాళ్లు. షికమో అంటే పెద్దవాళ్లకి చెప్పే దండం, మాట పుట్టుక చూస్తే "మీ పాదాలు పట్టుకుంటున్నా" అనట. వాడు దర్జాగా "మరహబా" అని దీవించేవాడు. మామ అంటే అమ్మ, దాదా అంటే అక్క, కుకు అంటే కోడి, కోండా అంటే దలదల కండక్టరు. ఇవన్నీ నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక్కొక్కటీ నవ్వుల పాలై నేర్చుకున్నాను, అందుకే ఇప్పటికీ మర్చిపోలేదు.

నీ పొరపాటు ఎక్కడో నాకు తెలుస్తోంది. నీ బయటి పనులన్నీ స్కూలువాళ్లే చేసిపెడుతున్నారు కదూ? అతిథివి కాబట్టి ఎవరో సరుకులు తెస్తారు, ఎవరో బండి మీద దింపుతారు. మర్యాదే, కాదనను, కానీ ఆ మర్యాద మధ్య నీకు జరిగేదేమీ ఉండదు. ఈ శనివారం ఒక్కదానివే వెళ్లి సబ్బు, ఉల్లిపాయలు, ఒక ఎర్ర పెన్ను కొనుక్కురా. మాటలు రావని భయపడకు, సగం నీకు ముందే వచ్చు. దుకాణం దుకా, కలం కలము, రంగు రంగి, లక్ష లకి, పైసలు పెసా, బీమా బిమానే. సబబు కూడా ఉంది, వాళ్లకి కారణం అని అర్థం. అరబ్బు వర్తకులూ గుజరాతీ వర్తకులూ వందల ఏళ్లు అటూ ఇటూ తిరిగిన సముద్రం కదా, మాటలు కూడా ఆ పడవల్లోనే చేరాయి. దలదలలో నీ ఒళ్లో ఎవరి బిడ్డో, కాళ్ల దగ్గర ఎవరి కోళ్లో ఉంటాయి. దిగాల్సిన చోట "షుషా" అని గట్టిగా అరవాలి, మెల్లగా అంటే తర్వాతి స్టేజీలో దిగుతావు. ఒకసారి అలా దిగిపోతే మాత్రం ఏమైంది, పగలేగా. రాత్రిళ్లు మాత్రం తెలియని బోడబోడ, అదే బైకు టాక్సీ, ఎక్కకు. ఈ ఒక్క విషయంలో సాహసాలు వద్దు.

ఇక క్లాసు. నీ ఉత్తరంలో పిల్లల గురించి ఒక్క ముక్కా లేదు, నోటుబుక్కుల గురించే ఉంది. అక్కడ ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో చదువంతా స్వాహిలీలోనే, సెకండరీలో ఫారం వన్‌కి వెళ్లగానే మొత్తం ఇంగ్లీషు. నిన్నటిదాకా క్లాసు ఫస్టు వచ్చిన పిల్ల ఆ రోజు నుంచి నోరెత్తదు. టెన్త్ దాకా తెలుగు మీడియం చదివి ఇంటర్లో బైపీసీ చేరిన వాళ్లని అడుగు, ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెబుతారు. నేనూ ఆ బాపతే. కిరణజన్య సంయోగక్రియ బట్టీ పట్టిందాన్ని ఒక్కసారిగా ఫోటోసింథసిస్ అంటే దిక్కులు చూశాను. వాళ్లకి దాని పేరు ఉసనిసినురు. పై తరగతి పిల్లలకి ఆ మూడు పేర్లూ బోర్డు మీద రాసి, తెలుగు పేరు పలకమన్నాను. ఎవరికీ రాలేదు, నేను నవ్వలేదు, తర్వాత ఉసనిసినురు నేను పలికాను, వాళ్లు నవ్వారు. ఇంగ్లీషు పేరు దగ్గర అందరం కలిసి తడబడ్డాం. నా ఐదు నెలల్లో బాగా జరిగిన పాఠం అదొక్కటే అనుకుంటాను, మిగతావి అక్కడి టీచరమ్మ నాకంటే బాగా చెప్పేది. ఆర్నెల్లలో వెళ్లిపోయేవాళ్లం మనం, క్లాసు ఆవిడది. ఆవిడ పక్కన నిలబడు, ఆవిడ స్థానంలో కాదు. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరేని కూడా జనం మ్వాలిము అనే పిలిచేవాళ్లు, అంటే టీచరు అని, ఆయన నిజంగానే బడిలో పాఠాలు చెప్పినవాడు. నిన్నూ పిల్లలు అదే మాటతో పిలుస్తున్నారు, అప్పుడే బోరు కొట్టేస్తే ఎలా?

అన్నట్టు, పిల్లల ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టకు. ఇంటివాళ్లు అడిగితే సంత ఫోటో పంపు.

ప్రశ్న: మా అబ్బాయి కూడా టాంజానియా బడిలో వాలంటీరుగా వెళ్తానంటున్నాడు. టూరిస్టు వీసా చాలు, జీతం లేని పనేగా అని ఏజెంటు చెబుతున్నాడు. నమ్మొచ్చా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నమ్మకండి. జీతం లేకపోయినా పని పనే. వాలంటీర్లకి అక్కడ క్లాస్ సీ అనే రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది, పిలిచే సంస్థే దాని సంగతి చూడాలి. "మా వాడికి ఏ పర్మిట్ తీస్తున్నారు" అని స్కూలుకి మీరే నేరుగా మెయిల్ పెట్టండి. జవాబు నాన్చితే ఆ స్కూలు వద్దు. టికెట్టు ఆ తర్వాతే. మలేరియా మందుల గురించి బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి, దోమతెర తప్పనిసరి.

ప్రశ్న: మేం శాకాహారులం. మా అమ్మాయి టాంజానియాలో ఏం తిని బతుకుతుంది?
- ఒక తల్లి, అనంతపురం

జవాబు: అనంతపురం వాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా అండీ ఇది? ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంగటి, చేత్తో ముద్ద చేసుకుని తినడమే. పక్కన మ్చిచా, అంటే తోటకూర, ఇంకా ఉడికించిన బీన్సు. చపాతీని చపాతీ అనే అంటారు. అరటికాయలైతే ఆ కొండవాలు నిండా. కూరలో మాంసం ఉందో లేదో మాత్రం ప్రతిసారీ అడగాలి, సూపులో కూడా. చింతపండు కావాలంటే సంతలో ఉక్వాజు అని అడగమనండి, మిరపకాయ పిలిపిలి. ఇంగువ మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్తే మంచిది.